చట్టంలో అవ్వ లేదు

పుంగనూరు,
26 మే 2025.

నాయనా ముద్దుకృష్ణా,

ఈడ అంతా బాగుండాము. ఫోన్ చేయకుండా జాబు యాల రాస్తాండానని అనుకోవద్దు. పోయిన ఏడు ఎవడో నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టినాడని, అప్పటి నుంచి "చట్టం సంగతి ఏదైనా ఉంటే రాసి పంపమ్మా, నేనూ రాసే చెప్తా" అని కన్నతల్లికి కూడా రూలు పెట్టినోడివి నువ్వే. సరే, రాస్తాండాను. సాయంత్రం మదనపల్లె బస్సు కండక్టర్ చేతికిస్తాను. ఆయప్ప మంచోడు. జాబు మడిచి సంచిలో పెట్టుకుంటాడు, చదవడు.

అడగాల్సింది ఒకటే. ఆడబిడ్డను ఏ వయసుకు పనిలో పెట్టొచ్చు? పదమూడేండ్ల పిల్ల అనుకో. ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు? మన అంగడికి వచ్చే ఒకామె అడిగింది. లేబర్ ఆఫీసులో కొడుకును పెట్టుకోని నాకు తెలీదంటే బాగుండదు కదప్పా.

గంగమ్మ జాతరకని తెచ్చిన పచ్చగాజులు ఇంకా మిగిలుండాయి. ఇప్పటి పిల్లోళ్ళు ఫోన్‌లో చూసి గాజులు తెప్పించుకుంటాండారు. చేతికి పట్టకపోతే నా కాడికి తెచ్చి "అవ్వా, రవ్వంత ఎక్కించు" అంటారు. యాడో కొనింది నేను తొడగాల. తొడుగుతాను, ఏం చేసేది! నా కోడలికి ఎర్రగాజులు పంపుతాండాను. అంబిక సైజు నాకు తెలుసు, నువ్వు చెప్పే పనిలేదు.

బిన్నా జవాబు రాయి, ఆలస్యం చేయొద్దు.

అమ్మ


మదనపల్లె,
29 మే 2025.

అమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం, గాజులు రెండూ అందాయి. అంబికకు సరిగ్గా సరిపోయాయి. ఇక్కడ టమోటా ధర పడిపోయింది. మార్కెట్ దారి పొడవునా పారబోసిన కాయలే. ఆ వాసనలో ఆఫీసుకు వెళ్లి రావడమే పెద్ద డ్యూటీగా ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి వేళ అయ్యాక, లేదా సెలవుల్లో, సొంత కుటుంబం చేసుకునే పనిలో సాయం చేయవచ్చు. అదీ ప్రమాదం లేని పనైతేనే. సినిమాల్లో, టీవీలో నటించవచ్చు, దానికి వేరే షరతులున్నాయి. సర్కస్ మాత్రం కుదరదు. ఇవి తప్ప మరో దారి లేదు.

పద్నాలుగు నిండి పద్దెనిమిది లోపు ఉన్నవాళ్లు పని చేయవచ్చు. గనులు, క్వారీలు, టపాసులు, మండే సరుకులు, ప్రమాదకరమని చట్టం చెప్పిన మిగతా పనులు మాత్రం కుదరవు. బట్టల అంగడి, పుస్తకాల అంగడి, కుట్టుపని లాంటివి ఫర్వాలేదు. విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా అసలు పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. చేతిపని నేర్చుకోవాలంటే పద్నాలుగు నిండాక ఐటీఐలు ఉన్నాయి. నన్నడిగితే ఆ వయసు పిల్లకు అన్నిటికంటే మంచి ఉద్యోగం తొమ్మిదో తరగతి.

మేం ఊళ్లలో పంచే కరపత్రం జత చేశాను. ఇంతకీ ఆ అడిగినామె ఎవరు? పిల్ల బడి మానేసిందా? పేరూ ఊరూ రాస్తే ఆ మండలం వాళ్లకు చెప్తాను.

నీ
ముద్దుకృష్ణ


పుంగనూరు,
3 జూన్ 2025.

ముద్దుకృష్ణా,

పేరూ ఊరూ యాలప్పా నీకు? అడిగిందానికి చెప్పమంటే ఆరాలు తీస్తాండావే! ఆమె మంచి ఇంటి మనిషి. ఆ సంగతి వదిలెయ్.

నువ్వు పంపిన కాగితం కండ్లద్దాలు పెట్టుకోని చదివినాను. అందులో ప్రమాదకరమైన పనులంటా గాజుల పేరు రాసుండాదేంది? టపాసుల పక్కన గాజులా? మీ తాత గాజుల మలారం భుజానేసుకోని పల్లెపల్లె తిరిగి అమ్మినాడు. మీ నాయన అంగడి పెట్టినాడు. ఆయప్ప పోయినాక నేను నడుపుతాండాను. మా గాజులు తొడుక్కోని ఈ ఊర్లో ఎవురికన్నా ప్రమాదం జరిగిందా? ఆ గాజులతోనే కదా నిన్ను చదివించి ఆ కుర్చీలో కుచ్చోబెట్టింది. ఆ కుర్చీలో కుచ్చోని నువ్వు నాకు ఈ కాగితం పంపుతాండావు! కోపమొచ్చి చించబోయినాను, వెనకపక్క తెల్లగా ఉంటే సరుకు రాసుకునేదానికి పెట్టుకున్నాను.

ఇంకోటి చెప్పు. పని కాదు. అత్త వరస అయ్యే మనిషి ఇంట్లో చంటిబిడ్డను ఎత్తుకునేదానికి పిల్లను పిలుచుకోని పోతే? ఆడే ఉంచుకోని, ఆడే బడిలో చేర్పిస్తామంటే? అది కూడా పనేనా? సొంతోళ్ళు కదా.

మొన్న వానకు అంగడి ముందర రేకు లేచిపోయింది. నేనే నిలబడి వేయించినాను. నువ్వు దానికని రాబల్లేదు, పని అయిపోయింది.

అమ్మ


మదనపల్లె,
8 జూన్ 2025.

అమ్మకు,

కరపత్రంలో ఉన్నది గాజుల తయారీ. కొలిమి ముందు కూర్చుని గాజు కరిగించే పని. అమ్మే అంగడి కాదు. నిన్ను ఎవరూ ఏమీ అనలేదు.

చంటిబిడ్డను ఎత్తుకోవడం పనే. ఇంకొకరి ఇంట్లో ఉంచి చేయిస్తే అది ఇంటిపని. పద్నాలుగు నిండని పిల్లతో చేయించకూడదు. అత్త వరస, పిన్ని వరస అంటే చట్టం ఒప్పుకోదు. బడిలో చేర్పిస్తామని అందరూ అంటారు. బిడ్డ ఏడిస్తే ఆ రోజు బడి ఉండదు.

ఇక అసలు సంగతి. మా ఆఫీసు సాయిప్రసాద్ మొన్న పుంగనూరు వచ్చాడు. వాళ్ల ఆవిడ శ్రీమంతానికి గాజులు కొనడానికి మన అంగడికే వచ్చాడట. నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నావట. ఒక పిల్ల కూర్చుని వచ్చినవాళ్లందరికీ గాజులు తొడుగుతూ ఉందట. సన్నగా, పొడుగ్గా, కనుబొమ్మ మీద మచ్చ. పదమూడు మించి ఉండదన్నాడు. "చేయి ఎంత నేర్పుగా నొక్కుతుందనుకున్నావ్!" అని మెచ్చుకున్నాడు కూడా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మా, ఈ పన్నెండో తారీఖు బాల కార్మిక వ్యతిరేక దినం. టీములు అంగళ్లు తిరుగుతాయి. ఎవరి పిల్లనో నువ్వు పనిలో పెట్టుకుని, "అంగడికి వచ్చే ఒకామె" అని నాకు రాశావు. ఎవరో ఏమిటో నాకు అక్కర్లేదు. ఆ పిల్లను వెంటనే వాళ్ల ఇంటికి పంపించు. లేబర్ ఆఫీసు గుమాస్తా తల్లి అంగట్లోనే బాల కార్మికురాలు అని పేపర్లో వస్తే నేను తలెత్తుకోలేను.

ముద్దుకృష్ణ


పుంగనూరు,
11 జూన్ 2025.

ఒరే ముద్దుకృష్ణా,

నీకు కండ్లుండాయా? సాయిప్రసాద్‌కు తెలీకపోతే పోనీ, ఆయప్ప ఎప్పుడు చూసినాడని. కనుబొమ్మ మీద మచ్చ అని నీ చేత్తో నువ్వే రాసినావే! ఆ మచ్చ ఎట్ల పడిందిరా? మీ ఇంట్లో ఆడుకుంటా గడప తట్టుకోని పడితే ఆస్పత్రికి ఎత్తుకోని పరిగెత్తింది నువ్వు కాదా? అది భవ్య. మీ అక్క కూతురు. దాన్ని వాళ్ళింటికి పంపించు అంటావు. వాళ్ళింటికి పంపితే ఏమైతాదో విను.

కుప్పంలో మీ బావ రాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు యాడ పిలిస్తే ఆడికి పోతాండాడు. బెంగుళూరులో ఆయప్ప చిన్నాయన కూతురు కమలాక్షి ఉండాది కదా, దానికి బిడ్డ పుట్టింది. మళ్ళా ఆఫీసుకు పోవాలంట. "భవ్యను పంపించన్నా, బిడ్డ కాడ ఉంటాది, నేను చదివించుకుంటా" అనింది. మీ బావ సరే అనేసినాడు. ఆయప్ప చెడ్డోడు కాదు. కమలాక్షి పరాయిదా, మా ఇంటి ఆడబిడ్డే కదా అంటాడు. మీ అక్క ఉష ఎదురు చెప్పలేదు. దానికి పెండ్లైనప్పటి నుంచి వచ్చింది ఒకే మాట, "ఆయప్ప ఇష్టం మా". ఎండాకాలం సెలవలకని పిల్లను నా కాడ వదిలి, బస్సెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకోని ఏడ్చింది. నోరు తెరిచి మాత్రం ఏమీ అడగలేదు. ఆ ఏడుపు నాకు అర్థమైంది.

అందుకని నేను మీ బావకు ఫోన్ చేసి, "పిల్ల నా కాడ గాజుల యాపారం నేర్చుకుంటాంది, చెయ్యి బాగా కుదిరింది, దాని తిండి అది సంపాదించుకుంటాంది. ఈడే బడికి పంపుతా" అని చెప్పినాను. "చేతిలో ఒక పని నేర్చుకుంటాందంటే దసరా దాకా చూద్దాంలే అత్తా" అన్నాడు. ఇప్పుడు అర్థమైందా? పిల్ల ఈ అంగట్లో కుచ్చుంటేనే ఈడ ఉంటాది. లేకుంటే బెంగుళూరు పోయి ఎవురి బిడ్డనో ఎత్తుకుంటాది. దాని చదువు ఆడితో సరి.

నీకు ముందే యాల చెప్పలేదంటావు. చెప్తే నువ్వు చట్టం చంకలో పెట్టుకోని మీ బావ ఇంటి మీదికి పోతావు. మీ అక్క కాపరం ఏం కావాల? అందుకే "ఒకామె" అని రాసినాను. ఆ ఒకామె నేనే. నాకు సిగ్గేమీ లేదు.

రేపు బడి తెరుస్తారు. తొమ్మిదో తరగతిలో చేర్పించినాను. నీ టీములొస్తే నేను మాట్లాడుకుంటాను, నువ్వు గమ్మునుండు.

అమ్మ


మదనపల్లె,
16 జూన్ 2025.

అమ్మకు,

భవ్యను గుర్తుపట్టనందుకు సిగ్గుగా ఉంది. నీ ఉత్తరం చదివి అంబిక కూడా నన్ను తిట్టింది. అక్కడికి సరిపోయింది.

బావ జోలికి నేను వెళ్లను, నువ్వు చెప్పేదాకా. కానీ అంగడి సంగతి చట్టప్రకారం ఎలా ఉంటుందో చూడాలని పుస్తకం తీశాను. బడి అయ్యాక, సాయంత్రం ఏడు లోపల, కుటుంబం నడిపే అంగడిలో పిల్ల సాయం చేయవచ్చు. చదువుకు అడ్డం రాకూడదు. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, కుటుంబం అంటే ఎవరెవరో కూడా చట్టమే చెప్పింది. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తండ్రి తోడబుట్టినవాళ్లు, తల్లి తోడబుట్టినవాళ్లు. అంతే. అవ్వ లేదు, తాత లేడు. తిరగేసి మరగేసి చూశాను, ఎక్కడా లేదు. పిల్లకు నేను కుటుంబం, ఎందుకంటే వాళ్ల అమ్మకు తమ్ముణ్ని. సెలవులకోసారి కూడా దాని మొహం చూడని నేను కుటుంబం. రోజూ దానికి సంగటి చేసి పెట్టి బడికి పంపే నువ్వు కాదు. రాసినవాళ్ల ఇళ్లలో అవ్వలు లేరేమో.

కాబట్టి నీ అంగట్లో భవ్య కూర్చోవడం, అక్షరం పట్టుకుని చూస్తే, తప్పే. దీనికి ఏదైనా దారి ఉందేమో ఆలోచిస్తాను. అంతదాకా పిల్లను గాజుల దగ్గర కూర్చోబెట్టకు. పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటే ఎవరూ అడగరు.

టీములు పన్నెండో తారీఖు బస్టాండు వైపు తిరిగి వెళ్లిపోయాయట. మన వీధికి రాలేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాట బయట అనకూడదు, నీతో కాబట్టి అంటున్నాను.

ముద్దుకృష్ణ


పుంగనూరు,
22 జూన్ 2025.

నాయనా ముద్దుకృష్ణా,

నీ జాబు చదివి నాకు ఎంత నిమ్మళమైందో! నువ్వు ఆలోచిస్తానని రాసినావు, నేను ఆలోచించేసినాను. చేసేసినాను కూడా.

అవ్వ పనికిరాదు, మేనమామ పనికొస్తాడు అన్నావు కదా. అయితే అంగడి మేనమామదైతే సరిపాయ! బోర్డు రాసేవాడిని పిలిపించి కొత్త బోర్డు రాయించినాను. "ముద్దుకృష్ణ గాజుల అంగడి. ఓనరు: ముద్దుకృష్ణ, లేబర్ ఆఫీసు, మదనపల్లె." లేబర్ ఆఫీసు అని నేనే వేయమన్నాను, ఎవురన్నా అడిగేదానికి వస్తే అది చూసి అట్లే పోతారు. పక్కన నీ పెండ్లి ఫొటో వేయించినాను. అంబికను తీసేసి నిన్నొక్కడినే వేసినారు. బాగుండావు. వీధిలో అందరూ నిలబడి చూస్తాండారు. ఎదురంగడి ఆమె "మీవోడు ఉద్యోగం మానేసినాడా?" అని అడిగింది. కడుపుమంట.

ఎట్లయినా ఈ అంగడి నీదే కదా, ముందో ఎనకో. కొడుకు పేరు మీద బోర్డు ఉంటే తప్పేముండాది?

భవ్య ఇప్పుడు ధైర్యంగా కుచ్చుంటాంది. నిన్న ఒక లావుపాటి ఆమెకు, నేను కూడా నా వల్ల కాదన్న చేతికి, ఒక్క గాజు చిట్లకుండా ఎక్కించింది. "ఎట్లమ్మా నేర్చుకున్నావు?" అని ఆమె అడిగితే, "బొటనవేలు లోపలికి మడవాల, ఆమె మాట్లాడేటప్పుడు తొయ్యాల" అనింది. నాకు నవ్వాగలేదు.

నువ్వు ఒకసారి వచ్చి బోర్డు చూడు.

అమ్మ


మదనపల్లె,
26 జూన్ 2025.

అమ్మా,

బోర్డు నేను చూడక్కర్లేదు. అందరూ చూశారు. నిన్న పొద్దున మా సారు తన ఫోన్ తీసి నాకే చూపించారు. నా పెళ్లి ఫొటో, కింద లేబర్ ఆఫీసు. ఎవరో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టారు. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ఆఫీసు పేరు చెప్పుకుని అసలు చేయకూడదు. మెమో ఇచ్చారు. సంజాయిషీ రాసుకోవాలి. ఏమని రాయను? అవ్వ చట్టంలో లేదని మా అమ్మ నన్ను ఓనర్ని చేసిందని రాయనా?

బోర్డు మార్చినంత మాత్రాన యజమాని మారడమ్మా! లైసెన్సు నీ పేరు మీదే ఉంది. ఇప్పుడు నువ్వూ తప్పులోనే ఉన్నావు, నేనూ తప్పులోనే ఉన్నాను.

ఇంతకంటే పెద్ద సంగతి. ఆ ఫొటో బావకూ చేరింది. రాత్రి ఫోన్ చేశాడు. "నా బిడ్డ యాపారం నేర్చుకుంటాందని మీ అమ్మ చెప్పె. నీ అంగట్లో కూలి లేకుండా పని చేయించుకుంటాండారని ఇప్పుడు తెలిసె. అదేందో మా కమలాక్షి ఇంట్లోనే చేసుకుంటాదిలే బామ్మర్దీ. ఆదివారం వచ్చి పిలుచుకోని పోతా" అన్నాడు. నేను చెప్పబోతే వినలేదు. పెట్టేశాడు.

నాకు అందరి మీదా కోపంగా ఉంది. అక్క మీద మరీ. తన కూతురి కోసం తను ఒక్క మాట మాట్లాడదు. మనం ఇద్దరం ఇక్కడ ఉత్తరాలు రాసుకుంటూ నానా అగచాట్లు పడుతున్నాం.

ముందు ఆ బోర్డు దించెయ్.

ముద్దుకృష్ణ


పుంగనూరు,
30 జూన్ 2025.

నాయనా,

బోర్డు దించేసినాను. నీ ఉద్యోగానికి ఏమన్నా అయితే నేను బతకలేను. మీ సారు కాడికి వచ్చి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆ మాట ముందు రాస్తాండాను.

నిన్న మీ బావ వచ్చినాడు. నేను గట్టిగా నాలుగు అడగాలనుకున్నాను. ఆయప్ప అరవలేదు. అరిచుంటే నేనూ అరిచేదాన్ని. నువ్వు రాసిన చట్టం చెప్తే, బల్ల మీద కుచ్చోని విని నిదానంగా మాట్లాడినాడు.

"అత్తా, కమలాక్షి ఇంట్లో బిడ్డను ఎత్తుకుంటే తప్పు. బామ్మర్ది అంగట్లో గాజులు తొడిగితే తప్పు కాదు. ఇది యాడి చట్టం?"

"కమలాక్షి నీకు చిన్నాయన కూతురు, చట్టానికి కాదంట" అన్నాను.

"సరే, చట్టం వదిలెయ్. ఈ అంగడి రేపు ఎవురిది? ముద్దుకృష్ణది. ఆయప్పకు ఉద్యోగముండాది, ఇల్లుండాది, అంగడి కూడా ఆయప్పదే. నా బిడ్డ ఈడ చేతులరిగేలా చేసినా అది మామ అంగడికే కదా చేసేది. ఉషకేముండాది ఈడ? ఆడబిడ్డకు చేతినిండా గాజులు తొడిగి పంపినారు, దాంతో సరి కదా?"

ఉష చిన్నప్పుడు నువ్వు బంతాట ఆడుకుంటాంటే అది ఈ అంగట్లో మలారం మోసింది. నాకంటే బాగా తొడిగేది. అయినా అంగడి కొడుకుదే అనేది నేను ఎప్పుడూ ఆలోచించి అనుకునింది కాదు. గాలి పీల్చినట్టు ఉండిపోయింది ఆ సంగతి నాలో. ఆయప్ప చెప్పింది తప్పు కాదు. అదే మండుతాంది నాకు.

పిల్లను తయారవ్వమన్నాడు. భవ్య గడప కాడ నిలబడి, "నాన్నా, శుక్రవారం దాకా బళ్ళో పరీక్షలుండాయి" అనింది. ఆయప్ప నన్ను చూసినాడు. నేను "అవునప్పా" అన్నాను. ఉండాయో లేవో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. "అయితే శుక్రవారం వస్తా" అని పోయినాడు.

పిల్ల నిన్నటి నుంచి అన్నం సరిగ్గా తినలేదు. నాకేం దారి కనబడలేదు. నీకు తోస్తే రాయి. తోచకపోయినా రాయి.

అమ్మ


మదనపల్లె,
1 జూలై 2025.

అమ్మా,

కండక్టర్ పొద్దున్నే ఇచ్చాడు. వెంటనే రాస్తున్నాను, ఇదే బస్సుకు తిరిగి పంపుతాను.

చట్టం కుటుంబం అంటే ఎవరో చెప్పేచోట మొదటి మాట ఏమిటో నీకు రాశాను. నువ్వూ చదివావు. మనిద్దరం దాన్ని దాటి మేనమామ దగ్గరికి వెళ్లిపోయాం. మొదటి మాట తల్లి.

అంగడి అక్క పేరు మీద పెట్టు. బోర్డు మీద కాదు. మున్సిపాలిటీ లైసెన్సు, బాడుగ అగ్రిమెంటు, బ్యాంకు ఖాతా, అన్నీ. అప్పుడు భవ్య సొంత తల్లి అంగట్లో బడయ్యాక కూర్చుంటుంది. ఏ టీమూ అడగదు. బావ కూడా అడగలేడు. కానీ పేరుకు మాత్రం కుదరదు. అక్క కుప్పం వదిలి వచ్చి అక్కడ కూర్చోవాలి, గల్లా తాళం తన దగ్గర ఉండాలి. వస్తుందో రాదో నాకు తెలియదు. అది తనే చెప్పాలి.

నా సంగతి. నాకు ఆ అంగడి వద్దు. ఇదేదో త్యాగం అనుకోకు. నాకు గాజుల్లో ఎరుపేదో మెరూనేదో ఇప్పటికీ తెలియదు. అంబికతో చెప్తే, "ఇది మీకు ఇప్పుడు తోచిందా?" అంది. కాగితం ఏదైనా కావాలంటే సంతకం చేస్తాను. బావకు నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఉషను అడుగుతా" అన్నాడు. అక్కను ఆయన అడగడం నేను వినడం ఇదే మొదలు.

సంజాయిషీ ఇచ్చేశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. సారు చదివి, "మీ అమ్మగారు చట్టం బాగానే చదివారు" అని ఫైల్లో పెట్టారు. హెచ్చరికతో వదిలేస్తారనుకుంటున్నాను. నువ్వు ఎవరి కాళ్లూ పట్టుకోవద్దు.

భవ్యను అన్నం తినమని చెప్పు. మామ చెప్పాడని చెప్పు.

ముద్దుకృష్ణ


పుంగనూరు,
3 జూలై 2025.

నాయనా,

జాబు అందింది. ఉష నిన్న ఫోన్ చేసి "నేను వస్తా మా" అనింది. మూడే మాటలు. ఆయప్ప ఇష్టం అనలేదు.

బోర్డు రాసేవాడిని మళ్ళా పిలిపించినాను. వాడు నన్ను చూసి నవ్వుతాండాడు.

అమ్మ


పుంగనూరు,
13 జూలై 2025.

నాయనా ముద్దుకృష్ణా,

అన్నీ అయినాయి. లైసెన్సు ఉష పేరుకు మారింది. అగ్రిమెంటు కూడా. బోర్డు మీద "ఉషారాణి గాజుల అంగడి" అని మాత్రం రాయించినాము. ఫొటో లేదు, ఆఫీసు లేదు. అంగడి నాకు వద్దని నువ్వు సంతకం పెట్టి పంపిన కాగితం ఉష చేతికిచ్చినాను. చదివి కండ్లు తుడుచుకోని బీరువాలో పెట్టింది. నీకు ఫోన్ చేస్తానంటాంది, తీయి.

బుధవారం మీ బావే దిగబెట్టినాడు. బోర్డు కింద నిలబడి పెండ్లాం పేరు చదువుకున్నాడు. "బాగుండాది అత్తా" అన్నాడు. కమలాక్షిని వేరే మనిషిని చూసుకోమని చెప్పేసినాడంట. ఆయప్పకు గంగవరం పక్కన ఏదో పని దొరికింది. ఆదివారాలు వస్తానని పోయినాడు.

ఇప్పుడు అసలు సంగతి విను. గురువారం సాయంత్రం భవ్య బడి నుంచి వచ్చింది. సంచి పెట్టి, కాళ్ళు కడుక్కోని, గాజుల ముందర కుచ్చునింది. నేను గడియారం చూసి, "ఏడు దాకా ఉండొచ్చు, మీ మామ రాసినాడు" అన్నాను. గల్లా కాడ నుంచి ఉష లేచి వచ్చింది.

"భవ్యా, లెయ్" అనింది.

"యాలమ్మా?"

"ఇంటికి పోయి చదువుకో. ఈ అంగట్లో నువ్వు పని చేసేది లేదు."

నేను ఊరుకుంటానా? "ఏందే ఇది! ఇంత చేసింది యాల? నీ తమ్ముడు ఉద్యోగం మీదికి తెచ్చుకునె. నేను ఊర్లో నవ్వులపాలైతిని. తల్లి అంగట్లో బిడ్డ పని చేయొచ్చని చట్టమే చెప్తాంది" అన్నాను.

"చేయొచ్చని చెప్తాంది మా. చేయాలని చెప్పలేదు" అనింది. "ఈ అంగడి ఎవురిది?"

"నీదే."

"అయితే నా మాట వినండి. పని చేసేదానికి నేనుండాను. నా బిడ్డ యాడా చేయదు. కమలాక్షి ఇంట్లోనూ చేయదు, నా అంగట్లోనూ చేయదు."

గాజులకని వచ్చినోళ్ళు అట్లే చెయ్యి చాపుకోని చూస్తాండారు. భవ్యకు ఏడుపొచ్చింది. దానికి ఆ పని ఇష్టం, అది నీకూ తెలుసు. "పద్నాలుగు నిండినాకనా?" అని అడిగింది. "నిండినాక నన్నడుగు" అనింది ఉష. పిల్ల సంచి తీసుకోని ఇంటికి పోయింది. ఉష ఆ చాపిన చెయ్యి పట్టుకోని, బొటనవేలు మడిచి, గాజులు ఎక్కించడం మొదలుపెట్టింది. ఇన్నేండ్లయినా చెయ్యి మర్చిపోలేదు.

నాకు కోపం రావాల్సింది కదా. రాలేదురా. నా బిడ్డ నన్నే ఎదిరించి మాట్లాడింది, నా ముందరే, నా అంగట్లోనే. నేను తెరచాటుకు పోయి ఏడ్చినాను. సంతోషానికి ఏడ్చినాను, నువ్వు వేరేగా అనుకోవద్దు. మనం తల్లి అనే మాటను లైసెన్సు కోసరం వాడుకున్నాము. ఉష దాన్ని నిజమనుకునింది.

అమ్మ